మూసివేసిన చెత్తదిబ్బపై ఏ గడ్డి? – కృత్రిమ కవచం, సహజ కవచం, గోగునార

పట్టణం పెరిగేకొద్దీ దాని శివారులోని చెత్తదిబ్బ కూడా పెరుగుతుంది. ఆ దిబ్బపై చెత్త పోయడం ఆపివేసిన నాటితో సమస్య తీరినట్లు కనిపిస్తుంది గాని, దాని రెండవ దశ అప్పుడే ఆరంభమవుతుంది. వాననీరు దిబ్బలోనికి ఇంకి, కుళ్లిన పదార్థాల గుండా దిగి, లీచేట్ అనబడే నల్లని ఊటద్రవంగా భూగర్భజలంలో కలుస్తుంది. గాలి అందని లోపలి పొరలలో మీథేన్ వాయువు పుడుతుంది. ఈ రెంటినీ అదుపు చేయడానికే మూసివేసిన దిబ్బకు తుది కవచం కావాలి. పాశ్చాత్య దేశాలలో కొన్నిచోట్ల ఈ కవచంగా కృత్రిమ గడ్డిని పరుస్తున్నారు. ఉత్తరాంధ్ర నేలలకు, వానలకు అది ఎంతవరకు తగునన్నది పరిశీలించదగిన విషయం.

నియమాలు కోరే మట్టి

2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు తుది కవచాన్ని మూడు పొరలుగా నిర్దేశించాయి. అడుగున 60 సెంటీమీటర్ల బంకమట్టి పొర ఉండాలి. దాని గుండా నీరు సెకనుకు సెంటీమీటరులో కోటివంతు కంటె తక్కువ వేగంతో మాత్రమే దిగాలి. దానిపై 15 సెంటీమీటర్ల మురుగునీటి పారుదల పొర, ఆపైన మొక్కలు పెరగడానికి 45 సెంటీమీటర్ల మట్టి పొర ఉండాలి. మూసివేసిన తరువాత కనీసం 15 సంవత్సరాలు ఆ స్థలాన్ని పర్యవేక్షించాలని ఆ నియమాలు పేర్కొన్నాయి.

ఈ కొలతలను ఎకరానికి లెక్కిస్తే సమస్య తీవ్రత తెలుస్తుంది. పై పొర ఒక్కదానికే సుమారు 1,820 ఘనపు మీటర్ల మట్టి అవసరం. ట్రాక్టరు ట్రక్కుకు 3 ఘనపు మీటర్ల చొప్పున చూస్తే ఇది 600 ట్రక్కుల పైమాట. ఆ మట్టిని సాగుభూమి నుండి 15 సెంటీమీటర్ల లోతున గీకి తెస్తే, ఒక ఎకరం దిబ్బను కప్పడానికి మూడు ఎకరాల పొలం తన సారవంతమైన పైపొరను కోల్పోతుంది. పొలానికి జరిగే ఈ నష్టం కవచపు ఖర్చు పట్టికలో సాధారణంగా కనిపించదు.

కృత్రిమ గడ్డి నిర్మాణం, ప్రయోజనాలు

కృత్రిమ కవచంలో అడుగున జియోమెంబ్రేన్ అనే నీరు చొరని ప్లాస్టిక్ పొర, దానిపై పాలిథిలిన్ పోగులతో నేసిన గడ్డి తివాచీ, ఆ పోగుల నడుమ సుమారు 12 మిల్లీమీటర్ల మందాన ఇసుక ఉంటాయి. అమెరికాలో సాధారణ కవచానికి 45 సెంటీమీటర్ల అవరోధ పొర, 15 సెంటీమీటర్ల మట్టి పొర కనీస ప్రమాణం. అక్కడ కృత్రిమ గడ్డిని ప్రత్యామ్నాయ రూపకల్పనగా అనుమతిస్తున్నారు.

దీని వలన కలిగే లాభాలు స్పష్టమైనవే. మట్టి తవ్వకం, రవాణా చాలావరకు తప్పుతాయి. వాలుపై మట్టి కోసుకుపోదు. నీరు పెట్టడం, గడ్డి కోయడం ఉండవు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులను చవిచూసిన ప్రాంతానికి ఈ గుణాలు ఆకర్షణీయంగా తోచడం సహజం.

పరిమితులు

అయితే కృత్రిమ కవచంలోనికి నీరు ఇంకదు. 10 సెంటీమీటర్ల వాన కురిస్తే ఎకరానికి సుమారు 4 లక్షల లీటర్ల నీరు దాదాపు మొత్తంగా ఒక్కసారే దిగువకు పారుతుంది. తగిన కాలువలు, నిలువ గుంటలు లేకుంటే దిబ్బ క్షేమంగా ఉన్నా దిగువ పొలం దెబ్బతింటుంది.

రెండవది వేడిమి. మండుటెండలో కృత్రిమ గడ్డి ఉపరితలం 60 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుందని క్రీడామైదానాలలో జరిపిన కొలతలు చూపాయి. ఎండకు పెళుసైన పోగులు విరిగి సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులుగా వాననీటితో చెరువులకు చేరే ప్రమాదమూ ఉంది.

మూడవది సస్యశాస్త్రవేత్తకు ముఖ్యమైనది. మట్టిలోని కొన్ని బాక్టీరియాలు పైకి వచ్చే మీథేన్‌లో కొంత భాగాన్ని ఆక్సీకరణం చేస్తాయి. ప్లాస్టిక్ పొరపై ఈ జీవక్రియకు తావు లేదు గనుక, వాయువును గొట్టాల ద్వారా సేకరించక తప్పదు. అంతేకాక, మీథేన్ వేళ్ల వద్ద గాలిని తొలగించినచోట సహజమైన గడ్డి పసుపుబారి ఎండిపోతుంది. ఆ మచ్చను చూసి లోపం ఎక్కడ ఉందో గుర్తించవచ్చు. కృత్రిమ గడ్డి ఎల్లప్పుడూ పచ్చగానే కనిపిస్తుంది.

జవహర్‌నగర్ పాఠం

తెలుగునాట పెద్ద ఎత్తున దిబ్బను కప్పిన ఉదాహరణ హైదరాబాదు శివారులోని జవహర్‌నగర్. అక్కడ సుమారు 1.2 కోట్ల టన్నుల పాత చెత్తకు కవచం వేశారు. అయినప్పటికీ, అంతకుముందే మల్కారం చెరువులో చేరిన కలుషిత ద్రవాన్ని శుద్ధి చేయడం వేరొక పెద్ద కార్యంగా మిగిలింది. కవచం కొత్త నీటిని ఆపగలదే గాని జరిగిన కాలుష్యాన్ని వెనుకకు తీసుకోలేదు. కప్పిన పదార్థం ఏదైనా ఈ పరిమితి తప్పదు.

రాజాం పరిసరాలకు తగిన మార్గం

2022లో శ్రీకాకుళం నుండి విజయనగరం జిల్లాలో చేరిన రాజాం చుట్టూ చెరువుల కింద వరి, మెట్టలో మొక్కజొన్న, గోగు వంటి పైర్లు పండుతాయి. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న ఎర్రనేలలు అవరోధ పొరకు పనికిరావు. పూడిక తీసిన చెరువుల బంకమట్టిని పరీక్షించి, తగినదైతే ఆ పొరకు వాడితే పొలం మట్టి మిగులుతుంది, చెరువుకూ మేలు కలుగుతుంది.

మొక్కల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. దిబ్బ స్థిరపడే వరకు వేళ్లు 30 సెంటీమీటర్లను మించి దిగని, తినడానికి పనికిరాని, కరవును తట్టుకొనే స్థానిక బహువార్షికాలనే నాటాలని 2016 నియమాలు చెప్పాయి. వాలు రక్షణకు తరచుగా సూచించే వట్టివేరు వేళ్లు 2, 3 మీటర్ల లోతుకు పోగలవు. కనుక దాని స్థానం దిబ్బ వెలుపలి కట్టలే గాని కవచం కాదు. గరిక త్వరగా అల్లుకొనినా పశువులను ఆకర్షిస్తుంది, ఎండిన నేలలో లోతుకూ దిగుతుంది. కంచె, వేళ్ల పరిశీలన లేకుండ దానిని సిఫారసు చేయరాదు.

గడ్డి వేళ్లూనే తొలి వానకాలమే అసలైన గండం. ఆ కొద్ది నెలల రక్షణకు దశాబ్దాల పాటు నిలిచే ప్లాస్టిక్ అవసరం లేదు. జనపనార వలలను వాలులపై పరచి కోతను అరికట్టే పద్ధతికి భారత ప్రమాణాలు ఇప్పటికే ఉన్నాయి. అవి వాన దెబ్బను తగ్గించి, తేమను నిలిపి, ఒకటి రెండు సంవత్సరాలలో మట్టిలో కలిసిపోతాయి. రాజాం జనపనార పరిశ్రమకు పేరుపొందిన పట్టణం. ఆమదాలవలస పరిశోధన స్థానం గోగుపై కృషి చేస్తున్నది. సాగు విస్తీర్ణం తగ్గిపోతున్న గోగుకు నారవలల రూపంలో కొత్త గిరాకీ ఏర్పడగలదా అన్నది విస్తరణ శాస్త్రవేత్తలు తేల్చవలసిన ప్రశ్న.

విద్యార్థులకు ఇది చక్కని పరిశోధనాంశం. ఒకే వాలుపై ఉత్త మట్టి, గడ్డి, గోగునార వలతో కూడిన గడ్డి అనే మూడు మడులు వేసి, జూన్ నుండి నవంబరు వరకు కొట్టుకుపోయిన మట్టిని తూచాలి. మే నెలాఖరున బతికిన గడ్డి శాతాన్ని, వేళ్ల లోతును కొలవాలి.

వీటన్నిటికంటె ముందు, పాత చెత్తను తవ్వి వేరుచేసే బయోమైనింగ్‌కు అవకాశం ఉందేమో చూడాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో ఇందుకు మార్గదర్శకాలు వెలువరించింది. చిన్న పట్టణాల దిబ్బలు చాలావరకు ఈ పద్ధతికి లొంగుతాయి. తొలగించలేని దిబ్బకే కవచం వేయాలి. మట్టి దొరకని నిటారు వాలులకు, వాయు సేకరణ, నీటి కాలువలు సిద్ధంగా ఉన్నచోట మాత్రమే కృత్రిమ గడ్డిని ఆలోచించాలి. మిగిలినచోట్ల చెరువు మట్టి, స్థానిక గడ్డి, గోగునార కలిసిన కవచమే ఈ ప్రాంతానికి ముందుగా పరీక్షించదగినది.