పూల్ ప్రపంచ కప్: ఒక షాట్ నీది, తర్వాతి షాట్ నాది

క్యారమ్స్‌లో డబుల్స్ ఆడినవాళ్లకు ఒక సంగతి తెలుసు. కాయిన్ పాకెట్‌లో పడుతున్నంతసేపూ స్ట్రైకర్ మన చేతిలోనే ఉంటుంది. ఇద్దరిలో ఒకడు గట్టివాడైతే చాలు, ఎదురుగా కూర్చున్న జోడీ చేతులు కట్టుకుని చూస్తున్నా బోర్డు గెలిచేయొచ్చు. దేశాల మధ్య జంటలుగా జరిగే పూల్ ప్రపంచ కప్‌లో ఆ వెసులుబాటు లేదు. బంతి పాకెట్‌లో పడినా సరే, తర్వాతి షాట్ రెండోవాడే కొట్టాలి. టోర్నీ మొత్తం ఈ ఒక్క నిబంధన చుట్టూనే తిరుగుతుంది.

మ్యాచ్‌రూమ్ అనే బ్రిటిష్ సంస్థ 2006లో వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో దీన్ని మొదలుపెట్టింది. ఒక్కో జట్టులో ఇద్దరు. ఆడేది నైన్‌బాల్. టేబుల్ మీద 1 నుంచి 9 దాకా అంకెలున్న బంతులు ఉంటాయి. తెల్ల బంతి ప్రతిసారీ మిగిలినవాటిలో అతి చిన్న అంకె బంతినే ముందుగా తాకాలి. నిబంధన ప్రకారం 9వ బంతిని పాకెట్‌లో వేసినవాళ్లదే ఆ గేమ్. ఫౌల్ చేస్తే తెల్ల బంతి ప్రత్యర్థి చేతికి వెళుతుంది, దాన్ని టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకుని కొట్టొచ్చు. ఈ స్థాయిలో అంటే గేమ్ దాదాపు చేజారినట్టే.

చూసేవాళ్ల కళ్లు పాకెట్‌లో పడే బంతి మీద ఉంటాయి. ఆటగాడి లెక్క మాత్రం తెల్ల బంతి గురించి. అది ఎక్కడ ఆగితే తర్వాతి బంతికి కోణం కుదురుతుందో చూసుకుని, కొట్టే బలాన్నీ తిప్పే స్పిన్‌నూ నిర్ణయించుకుంటాడు. సింగిల్స్‌లో ఆ కోణం తనకు నచ్చితే చాలు. జంటలో అది పక్కవాడికి నచ్చాలి. కుడిచేతివాడికి హాయిగా అందే బంతి ఎడమచేతివాడికి టేబుల్ మీదకు వాలినా అందకపోవచ్చు. ఒకరికి మెల్లగా దొర్లించడం ఇష్టం, మరొకరికి కొంచెం కోణం ఉంచి వేగంగా కొట్టడం ఇష్టం. పైగా లయ దొరకదు. వరసగా అయిదారు బంతులు వేస్తూ పోతే చేతికి వచ్చే ఊపు ఇక్కడ షాట్ షాట్‌కీ తెగిపోతుంది. బంతి తప్పినప్పుడు తప్పు ఎవరిదో తేలడమూ కష్టమే. తప్పించింది ఒకడు, అంత కష్టమైన చోట తెల్ల బంతిని వదిలింది మరొకడు. ఆ క్షణంలో ఇద్దరి ముఖాలు చూస్తే మ్యాచ్ ఎటు పోతుందో చాలాసార్లు అర్థమైపోతుంది.

తొలి కప్పు గెలిచింది ఫిలిప్పీన్స్. జట్టులో ఎఫ్రెన్ రేయెస్, ఫ్రాన్సిస్కో బుస్తమాంతే. రేయెస్ చిన్నతనంలో మనీలాలో బంధువుల పూల్ హాల్లో పనిచేస్తూ, రాత్రి టేబుల్ మీదే నిద్రపోయినవాడు. ఎత్తు అందక కూల్‌డ్రింకుల పెట్టెల మీద నిలబడి కొట్టడం నేర్చుకున్నాడని చెబుతారు. 1999లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. బుస్తమాంతేది పిడుగులాంటి బ్రేక్. 2002లో కార్డిఫ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడుతుండగానే పసికూతురు చనిపోయిందన్న కబురు అందింది. అయినా ఫైనల్ దాకా వెళ్లి ఎర్ల్ స్ట్రిక్‌ల్యాండ్ చేతిలో ఓడాడు. సింగిల్స్ ప్రపంచ టైటిల్ కోసం 2010 దాకా ఆగాల్సి వచ్చింది. స్వభావంలో, శైలిలో ఇద్దరికీ పోలిక లేదు. కానీ ఏళ్ల తరబడి ఒకే హాళ్లలో, ఒకరి ఎదురుగా ఒకరు ఆడారు. అవతలివాడికి ఏ కోణం కావాలో అడగాల్సిన పనిలేదు. 2009లో సొంతగడ్డ మీద, క్వెజాన్ సిటీలో మళ్లీ గెలిచారు. అప్పటికి రేయెస్‌కు యాభై దాటిపోయాయి.

ఇది వాళ్లిద్దరికే చెల్లిన విషయం కాదు. 2023 దాకా జరిగిన 16 టోర్నీల్లో ఆరు టైటిళ్లు మూడే జంటలు పంచుకున్నాయి. చైనాకు చెందిన లీ హెవెన్, ఫు జియాన్‌బో 2007, 2010ల్లో గెలిచారు. ఆస్ట్రియా జంట అల్బిన్ ఔషాన్, మారియో హే 2017, 2019ల్లో గెలిచారు. 2010 ఫైనల్లో చైనా జంట ఓడించింది రేయెస్, బుస్తమాంతేలనే. 2013 ఫైనల్లో ఓడిన నెదర్లాండ్స్ మరుసటి ఏడాది అదే జంటతో వచ్చి కప్పు పట్టుకుపోయింది. ఆటగాళ్లకు కొదవలేని అమెరికా మాత్రం 2008లో ఒక్కసారే గెలిచింది. జనాభాలో మన హైదరాబాద్ అంత కూడా లేని సింగపూర్ 2022లో ఫైనల్ ఆడి, స్పెయిన్ చేతిలో ఓడింది.

ఈ లెక్కలో భారత్ ఎక్కడ? టోర్నీలో మన జట్లు ఆడాయి. బ్రిటన్‌లో ఆట నేర్చుకున్న రాజ్ హుందాల్ లాంటివాళ్లు మన తరఫున బరిలోకి దిగారు. కానీ 2023 దాకా ఏ ఫైనల్లోనూ భారత్ పేరు లేదు. స్నూకర్ పుట్టింది జబల్‌పుర్‌లోని సైనికాధికారుల మెస్‌లో, 1875లో అని చెప్పుకునే దేశానికి ఇది వింతగానే కనిపిస్తుంది. కారణం కొంత టేబుల్‌లోనే ఉంది. 1958లో ప్రపంచ చాంపియన్ అయిన విల్సన్ జోన్స్ నుంచి పంకజ్ అద్వానీ దాకా మన ఘనులంతా 12 అడుగుల టేబుల్ మీద తయారైనవాళ్లే. పూల్ టేబుల్ 9 అడుగులది, బంతి పెద్దది, బరువైనది, పాకెట్ వెడల్పు. స్నూకర్‌లో గురి ఉన్నవాడు ఇక్కడ బంతులు వేయగలడు. బ్రేక్ కొట్టడం, బరువైన తెల్ల బంతిని అదుపులో ఉంచడం మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సిందే.

జంటగా ఆడటం మనకు చేతకాక కాదు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో అశోక్ శాండిల్య, గీత్ సేథీ బిలియర్డ్స్ డబుల్స్ స్వర్ణం తెచ్చారు. 2018లో దోహాలో జరిగిన స్నూకర్ టీమ్ ప్రపంచ కప్ ఫైనల్లో అద్వానీ, మనన్ చంద్ర పాకిస్థాన్ మీద తొలి రెండు ఫ్రేములూ పోగొట్టుకుని, చివరికి 3-2తో గెలిచారు. పూల్‌లో అలాంటి ఫలితం రావాలంటే ఇద్దరు కుర్రాళ్లను ఎంచుకుని, ఒక్క ఓటమికే విడదీయకుండా మూడు నాలుగేళ్లు అదే జంటగా, 9 అడుగుల టేబుల్ మీద ఆడనివ్వాలి.