విద్యాపోషణ - నడుమ విడువరాని వ్రతము



ఉత్సవ దినములలో దర్శనము ముగించుకొని మన ట్రస్టు కార్యాలయమునకు వచ్చు భక్తులలో పలువురు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. "తల్లిదండ్రులు లేని బిడ్డను ఒకరిని చదివించవలెనని సంకల్పించుకొన్నాము. సొమ్ము ఎవరికి ఇయ్యవలెను? ఎంత ఇయ్యవలెను?" అని. కొందరు పితరుల తిథినాడు, కొందరు తమ బిడ్డకు ఉద్యోగము వచ్చిన సంతోషముతో, మరికొందరు విదేశములలోనున్న కుమారుల పక్షమున ఈ మాట అడుగుచుందురు. నిలుచున్న చోట రెండు మాటలలో చెప్పదగిన సమాధానము కాదు గనుక ఇచట కొంత వివరముగా ముచ్చటించుకొందము.

ముందుగా అనాథ యనగా ఎవరు? స్వామిని మనము అనాథనాథుడని, ఆపద్బాంధవుడని కీర్తించుచున్నాము. నాథుడు, అనగా రక్షకుడు, లేనివాడు అనాథ. ఆ మాట వినగానే మన కన్నులకు కట్టునది తల్లియు తండ్రియు లేక వీధిలో నిలిచిన పసిబిడ్డ. లోకములోని లెక్క వేరుగా నున్నది. ఐక్యరాజ్యసమితి బాలల సంస్థయగు యూనిసెఫ్, తల్లిని గాని తండ్రిని గాని ఇరువురిని గాని కోల్పోయిన పదునెనిమిదేండ్ల లోపు బిడ్డలందరిని ఈ మాట క్రిందనే లెక్కించును. 2015 నాటికి అట్టివారు ప్రపంచమున సుమారు 14 కోట్ల మంది. వారిలో తల్లిదండ్రులు ఇరువురును లేనివారు సుమారు కోటి 51 లక్షలు మాత్రమే. తక్కిన బిడ్డలకు తల్లియో తండ్రియో జీవించియే యున్నారు. ఇరువురు లేని వారిలోను అవ్వయో మేనమామయో పెద్దమ్మయో గల వారెందరో కలరు.

ఈ లెక్కను ఇంతగా చెప్పుటకు కారణము కలదు. బిడ్డకు కావలసినది అన్ని వేళల క్రొత్త ఇల్లు కాదు. ఉన్న ఇంటిలోనే ఉండి బడి మానకుండుటకు కావలసిన ఊతము. భర్తను కోల్పోయి కూలికి పోవుచున్న తల్లి తన బిడ్డను ఆశ్రమములో చేర్చుటకు వచ్చినదన్నచో, ఆమెకు ప్రేమ లేక కాదు, పుస్తకములకు, పూట కూటికి లేక. అట్టి తల్లి యొడినుండి బిడ్డను వేరుచేసి మనము పోషించుటకంటె, ఆ యొడిలోనే ఉంచి చదివించుట మేలు. నిజముగా ఎవ్వరును లేని బిడ్డకు మాత్రము ఆశ్రయము కావలెను. తిరుమల తిరుపతి దేవస్థానము వారు 1943లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర బాలమందిరమును స్థాపించినది అట్టి బిడ్డలకు వసతి, భోజనము, వస్త్రము, విద్య కల్పించుటకే.

మన పూర్వులు ఈ విషయమున ఏమి చేసిరి? ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని కథ మీరెరుగనిది కాదు. గురుకులమునకు పోదలచిన బాలుడు తన గోత్రమేమని తల్లియగు జబాలను అడిగెను. తాను యౌవనమున పలువురి ఇండ్ల పనిచేసికొనుచు బ్రతికితిననియు, గోత్రమేదో తాను ఎరుగననియు, జబాల కుమారుడవగు సత్యకాముడనని చెప్పుకొమ్మనియు ఆమె పలికెను. బాలుడు గౌతమ మహర్షి ఎదుట ఉన్నది ఉన్నట్లు చెప్పెను. సత్యము తప్పని ఆ బాలుని మహర్షి శిష్యునిగా స్వీకరించి, బక్కచిక్కిన నాలుగు వందల ఆవులనిచ్చి, మేపుకొని రమ్మని అడవికి పంపెను. అవి వేయి అయిన పిదప అతడు తిరిగివచ్చెను. ఈ కథలో సాధారణముగా మనము సత్యమహిమనే చెప్పుకొందుము. మాకు మరియొకటియు తోచుచున్నది. తండ్రి పేరు అడిగినచోట తల్లి పేరు చెప్పిన బిడ్డను ఆ గురువు గడప దాటి వెనుకకు పంపలేదు.

నేడు మన ఊరి బడిలోను, కళాశాలలోను అదే ప్రశ్న కాగితముల రూపమున ఎదురగుచున్నది. ఆధార్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రము, ఆదాయ ధ్రువీకరణ పత్రము, తండ్రి మరణ ధ్రువీకరణ పత్రము. పొలములోనో, పరాయి ఊరి కూలిపనిలోనో తండ్రి మరణించినప్పుడు ఆ దుఃఖములో నమోదు సంగతి ఎవరికి గుర్తుండును? 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము 21 దినములలో తెలుపవలెను. సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. అక్షరము రాని అవ్వ ఆ ఉత్తర్వుకై ఎచట తిరుగగలదు? ఆ పత్రము లేక ఉపకారవేతనము ఆగును, రుసుము రాయితీ ఆగును. కనుక సొమ్ము ఇయ్యలేని భక్తులు తమచేత ఏమగునని నిరాశ పడనక్కరలేదు. పదవీ విరమణ చేసిన ఉద్యోగి ఒకరు రెండు ఉదయములు ఆ అవ్వ వెంట మండల కార్యాలయమునకు నడచినచో అదియు విద్యాదానమే.

ప్రభుత్వపు సహాయమును గురించియు తెలిసికొని యుండుట మంచిది. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకమున, 2022 నాటి మార్గదర్శకముల ప్రకారము, తండ్రి లేక తల్లి చెంతనో బంధువుల చెంతనో పెరుగుచున్న పేద బిడ్డలకు నెలకు 4,000 రూపాయల పోషణ సహాయము కలదు. జిల్లా బాలల సంరక్షణ విభాగమున దరఖాస్తు చేయవలెను. కోవిడ్ వ్యాధి వలన తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డలకు 2021లో ప్రత్యేక పథకము ఏర్పడినది. అర్హతయుండియు ఈ సంగతి తెలియని కుటుంబములు మన ఆలయము చుట్టుపట్లనే ఉన్నవి.

ఇక మన తెలుగునాట పూర్వముండిన వారాల పద్ధతిని పెద్దలు ఎరుగుదురు. ఊరుగాని ఊరిలో చదువుకొను పేద బాలుడు సోమవారము ఒక ఇంట, మంగళవారము వేరొక ఇంట, ఇట్లు ఏడు దినములు ఏడిండ్ల భోజనము చేసి చదువు సాగించెడివాడు. ఏ ఒక్క ఇంటికిని భారము లేదు. ఏ ఒక్కరును "నేనే వీనిని చదివించితిని" అని చెప్పుకొనుటకు వీలులేదు. ఒక ఇంట అశౌచము వచ్చినను, ఒక గృహస్థు ఊరు విడిచినను తక్కిన ఆరిండ్లు ఉండెడివి. అయితే ఆ పద్ధతిలో లోపము లేదనరాదు. అది చాలవరకు కొన్ని కులముల బాలురకే పరిమితమయ్యెను. బాలికలకు వారమిచ్చిన ఇల్లు ఎక్కడనో గాని లేదు. ఆ లోపమును విడిచి అందలి యుక్తిని మనము గ్రహింపవచ్చును.

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి బాల్యము ఇచట స్మరింపదగినది. 1872లో జన్మించిన ఆయన పదునొకండేండ్ల ప్రాయమున తండ్రిని కోల్పోయిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను సాకిరి. ఆయనకు బడిలో చదువు చెప్పిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు తాము రాజమహేంద్రవరము వెళ్ళునప్పుడు ఆ బాలుని వెంటబెట్టుకొని వెళ్ళి చదివించిరి. ఆ గురువు జమీందారు కాదు, బడి పంతులు. శిష్యుడును ముద్దులొలుకు మంచి బాలుడు కాదు. ఆనాటి తన అల్లరిని, చెడు సావాసములను పంతులుగారు ఆత్మకథలో దాచక వ్రాసికొన్నారు. అయినను గురువు చేయి విడువలేదు. ఆ బాలుడే 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానియు, 1953లో ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియు నయ్యెను.

బిడ్డ పెద్ద పదవికి వచ్చునని మనము చదివించుట కాదు. బదులు చేయలేని వానికి, ఇయ్యవలసినదే యను భావముతో, తగిన కాలమున ఇచ్చునది సాత్త్విక దానమని గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున బోధించెను. అందలి "తగిన కాలము" అను మాటపై కొంత నిలువవలెను. ఏది తగిన కాలము?

దాతలకు సామాన్యముగా ఆరేడేండ్ల పసిబిడ్డపై మనసు పోవును. అది సహజము. కాని ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ఉచిత విద్య 2009 నాటి విద్యాహక్కు చట్టము వలన బిడ్డకు హక్కు. మధ్యాహ్న భోజనమును బడిలో లభించును. అసలు గండము పదునాలుగు దాటిన పిమ్మట వచ్చును. పదవ తరగతి ముగియును. కళాశాల పట్టణములో నుండును. బస్సు ఖర్చు, వసతిగృహపు ఖర్చు, పరీక్ష రుసుము, బట్టలు కావలెను. అంతకంటె పెద్దది వేరొకటి. ఆ వయసు బిడ్డ పనికి పోయినచో ఇంటికి కూలి వచ్చును. చదువుకు పోయినచో ఆ కూలి పోవును. తండ్రి లేని ఇంట ఈ తక్కెడ ఎటు మొగ్గునో వేరే చెప్పనక్కరలేదు. బాలికయైనచో పెండ్లి మాట ముందుకు వచ్చును. ఆశ్రమములలోని బిడ్డలకు పదునెనిమిదవ ఏడు నిండగానే ఆశ్రయమే ప్రశ్నయగును. కనుక మా అభిప్రాయమున, మీ సొమ్ము మిక్కిలిగా అక్కరకు వచ్చు కాలము పదునాలుగు మొదలు ఇరువదియొకటి వరకు. ఆ బిడ్డకు మీసకట్టు వచ్చియుండును, అడిగినదానికి ముక్తసరిగా బదులిచ్చును, చిత్రపటములో ముద్దుగా కనబడడు. అయినను వానికే ఇయ్యవలెను.

ఇచట మా లోపమొకటి చెప్పుకొనక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రితము తాటిచెట్టు మీదినుండి పడి మరణించిన గీతకార్మికుని కుమారుని మన ట్రస్టు ద్వారా ఒక భక్తులు చదివించుచుండిరి. బాలుడు పదవ తరగతి చక్కగా ఉత్తీర్ణుడయ్యెను. ఆ ఏడే దాతగారి వ్యాపారము దెబ్బతిని సొమ్ము ఆగినది. వారు నొచ్చుకొని మాకు తెలుపలేదు. మేమును లెక్కలు చూచుకొనలేదు. ఆరు నెలల పిదప దసరా ఉత్సవములలో ఆ బాలుని అవ్వ ప్రసాదము కొరకు వచ్చినప్పుడు "పిల్లవాడు ఏ కళాశాలలో చేరినాడమ్మా?" అని అడిగితిమి. "మోటారు షెడ్డులో ఉన్నాడు బాబూ. మీరే మానుకొన్నారనుకొన్నాము, అడుగుటకు మొగము చెల్లక ఊరకుంటిమి" అని ఆమె పలికినది. ఆ మాటలో నిందలేదు. అదియే మమ్ము మరింత బాధించినది. దాతను తప్పుపట్టుటకు లేదు, వ్యాపారము ఎవరి చేతిలోను లేదు. నడుమ నిలిచిన మాదే తప్పు. మరుసటి ఏట ఆ బాలుని ఐ.టి.ఐ.లో చేర్చగలిగితిమి గాని, పోయిన సంవత్సరమును తిరిగి ఇయ్యలేకపోతిమి.

నాటినుండి మేము రెండు నియమములు పెట్టుకొన్నాము. ఏ బిడ్డ భారము స్వీకరించినను ముందుగా రెండు సంవత్సరముల ఖర్చు బ్యాంకులో డిపాజిట్టు చేసినగాని మాట ఇయ్యము. రెండవది వారాల పద్ధతినుండి నేర్చినది. ఒక బిడ్డకు ఒక్క దాత అని కాక, ముగ్గురు నలుగురు కుటుంబముల వారిని కలుపుచున్నాము. నెలకు ఐదువేలు ఒక్కరుగా ఇచ్చి రెండేండ్లకు విసుగుటకంటె, వేయి రూపాయలు ఏడేండ్లు విడువక ఇచ్చుట బిడ్డకు మేలు. విదేశములలోని మన బంధువులకు ఒక మాట. భారత పౌరసత్వము నిలుపుకొన్నవారు తమ సొమ్మును బ్యాంకు ద్వారా పంపవచ్చును. అన్యదేశ పౌరసత్వము పొందినవారి సొమ్ము మాత్రము విదేశీ విరాళముల చట్టము క్రింద అనుమతి పొందిన సంస్థకే చెల్లును. తెలియక పంపిన సొమ్ము సంస్థను చిక్కులలో పడవేయును.

బిడ్డను నేరుగా తెచ్చి మాకు అప్పగింపవచ్చునా అని కొందరు అడుగుదురు. అట్లు చేయరాదు. దిక్కులేని బిడ్డ కనబడినచో 1098 సంఖ్యకు ఫోను చేసి తెలుపవలెను. ఆ బిడ్డ ఎచట పెరుగవలెనో బాలల సంక్షేమ సమితి నిర్ణయించును. ఆశ్రమమునకు విరాళమిచ్చునప్పుడును 2015 నాటి బాలల న్యాయ చట్టము క్రింద ఆ సంస్థ నమోదైనదా యని అడిగి చూడుడు. అడిగినందుకు నొచ్చుకొను సంస్థకు ఇయ్యకుండుటయే మంచిది.

చివరగా వేదికల సంగతి. పూర్వము మేమును శ్రీరామనవమి నాడు బిడ్డలను వేదికపై వరుసగా నిలిపి, దాతలచేత పుస్తకములిప్పించి, ఫోటోలు తీయించితిమి. మహాభారతములో శంతను మహారాజు రెల్లుగడ్డిలో దొరికిన కవల బిడ్డలను కృపతో పెంచి, ఆ కారణముననే కృపుడు, కృపి యని పేర్లు పెట్టెను. పేరులోనే దాత కనికరమును మోసినను, ఆ కృపుడు కురుపాండవ బాలురకు విలువిద్య నేర్పి ఆచార్యుడయ్యెను. మనము వేదికపై నిలిపిన బిడ్డను మరునాడు బడిలో తోటివారు ఏమని పిలుతురో మేము ఆనాడు ఆలోచింపలేదు. ఒక బాలిక "పుస్తకములు ఇంటికి పంపుడు, పైకి మాత్రము పిలువకుడు" అని తల్లిచేత చెప్పించినప్పుడు గాని మాకు తెలిసిరాలేదు. ఇప్పుడు రుసుము నేరుగా కళాశాలకు కట్టుచున్నాము. దాతకు ప్రతి పరీక్ష పిమ్మట పేరు తొలగించిన మార్కుల పత్రపు నకలు పంపుచున్నాము. ఫోటో కావలెనని వ్రాసిన వారికి, లేదని సవినయముగా జాబు వ్రాయుచున్నాము. మార్కులు తగ్గిన ఏడు కూడ ఆ పత్రము పంపుట మానుటలేదు.