ఊరి కుళాయికి ఎంత కట్టవలెను?

గత వేసవిలో మార్కాపురము వైపున ఒక చిన్న గ్రామమునకు పోయినపుడు, ఆ యూరి మంచినీటి బోరులో కాలిపోయిన మోటారును పైకి తీయుచుండగా చూచితిని. మూడు ఇనుపకాళ్ల మీద నిలిపిన కప్పీకి గొలుసు తగిలించి నలుగురు మనుష్యులు లాగుచుండగా, తుప్పుపట్టిన గొట్టములు ఒక్కొక్కటిగా పైకి వచ్చుచుండెను. గొట్టము బయటపడినపుడెల్ల దాని క్రింది భాగమునకు పట్టు బిగించి, పై భాగము మరలు విప్పి ప్రక్కన పేర్చుచుండిరి. వేపచెట్టు నీడలో చేరిన పిల్లలు ఆ గొట్టములను పెద్దగా లెక్కపెట్టుచుండిరి. చిట్టచివరకు మోటారు బయటపడగా మెకానిక్కు దానిని నేలమీద పరుండబెట్టి, కేబులు మొనను ముక్కు దగ్గర పెట్టుకొని చూచి, "వైండింగ్ పోయిందండీ" అనెను. చుట్టును నిలిచినవారిలో ఒక్కరును మాటాడలేదు. ఎందుకనగా ఆ వైండింగుకు పంచాయతీ ఖాతాలో పైకము లేదని అందరికిని తెలియును.

ఆ సాయంకాలమే రచ్చబండ దగ్గర సభ కూడినది. ఇంటికి నెలకు ముప్పది రూపాయలున్న కుళాయి రుసుమును అరువదికి పెంచవలెనని ప్రతిపాదన. "ఉన్న ముప్పై కట్టేవాళ్లే సగంమంది. అరవై చేస్తే ఆ సగం కూడా కట్టరు" అని ఒక పెద్దమనిషి అనెను. వెనుక వరుసలో చాలసేపటినుండి ఊరకున్న ఒక ముదుసలి లేచి, "అరవై కాకపోతే డెబ్బయి ఇస్తాను ప్రెసిడెంటు గారూ. ముందు మా కాలనీ చివరికి నీళ్లు రానియ్యండి. బిందె నిండేటప్పటికి అరగంట పడుతోంది" అనెను. ఇంతవరకు నేను చదివిన నివేదికలలో ఎందునను నీటి రుసుము సమస్య యింత సంక్షిప్తముగా, ఇంత సంపూర్ణముగా చెప్పబడి యుండుట చూడలేదు.

కుళాయి రుసుము పెంచుట యనగానే మన గ్రామములలో పుట్టు మొదటి ప్రశ్న, నీరు దేవుడిచ్చినది గదా, దానికి వెల యేమి అనునది. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దప్పిగొన్నవానికి నీరు పోయుట పుణ్యమని తలచి, ఎండకాలమున చలివేంద్రములు పెట్టించు సంప్రదాయము మనది. అయితే చలివేంద్రమునందైనను కుండలు కొన్నవారొకరు, నీరు మోసినవారొకరు ఉన్నారు. దప్పి తీర్చుకొన్నవాడు వెల యియ్యకపోయినను ఎవరో యొకరు ఇచ్చియే యుండిరి. భూమిలో నూరు మీటర్ల లోతున నున్న నీటికి వెల లేకపోవచ్చును గాని, అది మన వాకిటికి వచ్చుటకు వెల కలదు. ఆ వెల యెంతో, దానిని ఎవరు చెల్లించుచున్నారో పలుమంది యెరుగరు.

నాలుగువందల ఇండ్లు, పదునారువందల జనము ఉన్న ఒక గ్రామమును ఊహింతము. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ మనిషికి రోజునకు 55 లీటర్ల నీరు అందవలెనని నిర్ణయించినది. ఆ లెక్కన ఈ గ్రామమునకు దినమునకు 88,000 లీటర్లు కావలెను. వెయ్యి లీటర్ల నీటిని బోరు లోతునుండి ఓవర్‌హెడ్ ట్యాంకు మీదికి, మొత్తము నూరు మీటర్ల యెత్తునకు చేర్చుటకు, పంపు సగము సామర్థ్యముతో పనిచేసినచో, అర యూనిట్టుకు కొంచెము మించి కరెంటు పట్టును. అనగా దినమునకు 48 యూనిట్లు, నెలకు 1,450 యూనిట్లకు చేరువ. యూనిట్టు ఆరు రూపాయలనుకొన్నచో కరెంటు బిల్లే 8,700 రూపాయలగును. వాటర్‌మన్‌కు ఎనిమిది వేలు, బ్లీచింగు పౌడరుకును పగిలిన గొట్టములకును పదునైదువందలు, మోటారు ఎప్పుడో కాలిపోవునని ముందుగా దాచుకొనవలసిన మొత్తము మూడువేలు కలిపినచో ఖర్చు 21,200 రూపాయలు తేలును. నాలుగువందల ఇండ్లకు పంచినచో ఇంటికి 53 రూపాయలు. ఈ అంకెలు నేను ఊహించినవి. బోరు లోతును బట్టి, కరెంటు ధరను బట్టి ఏ ఊరి లెక్క ఆ ఊరిది. కాని లెక్క వేయు తీరు మాత్రము ఎక్కడైనను ఇదియే.

ఇప్పుడు ముప్పది రూపాయల రుసుము ఉన్న ఊరిలో నూటికి అరువదిమంది మాత్రమే కట్టుచున్నారనుకొనుడు. 240 ఇండ్లనుండి వచ్చునది 7,200 రూపాయలు. కరెంటు బిల్లునకే అది చాలదు. అందుచేత మొదట బిల్లు బకాయి పడును. పిమ్మట వాటర్‌మన్ జీతము రెండు మూడు నెలలు ఆగును. జీతము లేనివాడు వాల్వు త్రిప్పుటకు వేళకు రాడు. రానినాడు ఏదో యొక వీధికి నీరు పోదు. నీరు రాని వీధివారు "రాని నీళ్లకు డబ్బెందుకు" అని మానివేయుదురు. ఇట్లు సొమ్ము లేక నీరు రాదు, నీరు రాక సొమ్ము రాదు. ఈ సుడిలో పడిన గ్రామమునకు రుసుము పెంచుట యొక్కటే మందు కాదు; పెంచకుండ ఊరకుండుట అసలే మందు కాదు.

రుసుము తక్కువగా ఉంచుట పేదలయందు దయ అని చాలమంది నాయకులు మనఃపూర్వకముగనే నమ్ముచున్నారు. నేను చూచినంతలో ఫలితము ఇందుకు విపరీతముగా నున్నది. ఊరి మోటారు కాలిపోయిన పదిదినములును, సొంత బోరున్న ఇంటివారికి ఏ లోటును కలుగదు. పొలమున బోరున్నవారు ట్రాక్టరు మీద డ్రమ్ములతో తెచ్చుకొందురు. ఏ ఆధారమును లేని ఇంటి ఆడువారు మాత్రము తెల్లవారుజామున బిందెలు పట్టుకొని ఎవరి పొలమునకో పోయి, వారు మోటారు వేయువరకు గట్టుమీద కూర్చుండి, నీరు మోసుకొని వచ్చునప్పటికి కూలికి పోవు వేళ దాటిపోవును. ఆ పోయిన కూలి ఏ పంచాయతీ పద్దులోను కానరాదు గాని, కుళాయి రుసుములో మిగిలినదనుకొన్న ముప్పది రూపాయలకు అది అనేక రెట్లు.

మరియొక లెక్క ఉన్నది. త్రాగుటకు ఇరువది లీటర్ల నీటి క్యాను కొనుట నేడు మన పల్లెలలో సర్వసాధారణమైనది. క్యాను పది రూపాయలనుకొన్నను, దినమునకొకటి చొప్పున నెలకు మూడువందలు. దానికి వచ్చు నీరు ఆరువందల లీటర్లు, అనగా లీటరు అర్ధ రూపాయి. అదే కుటుంబమునకు, నలుగురున్నచో, కుళాయి ద్వారా నెలకు రావలసినది 6,600 లీటర్లు. అరువది రూపాయలు కట్టినను లీటరు ఒక పైసకు లోపే పడును. మూడువందలకు లేని అభ్యంతరము అరువదికి ఎందుకు కలుగుచున్నదని నేను పలువురిని అడిగితిని. క్యాను నీరు శుభ్రమన్న నమ్మకము, పిలిచిన వేళకు ఇంటికి వచ్చునన్న ధైర్యము ఉన్నవని వారు చెప్పిరి. జనము ఇయ్యలేక కాదు, నమ్మలేక ఇచ్చుట లేదు.

ఈ అపనమ్మకమునకు చరిత్ర లేకపోలేదు. ఫ్లోరోసిస్ వ్యాధి మనదేశములో 1937లోనే, నేటి ప్రకాశం జిల్లా ప్రాంతములో గుర్తింపబడినది. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణము చెప్పుచుండగా, నల్లగొండ పల్లెలలో అంతకు ఎన్నో రెట్లున్న నీటిని త్రాగి ఎముకలు వంగిపోయినవారిని మనము కన్నులార చూచితిమి. బోరునీటిని చూచి భయపడు తల్లిని తప్పుపట్టు హక్కు ఎవరికిని లేదు. ఆ భయమును పోగొట్టవలసినది పంచాయతీయే, అదియును పరీక్షతో.

ప్రభుత్వమే ఈ ఖర్చు భరింపరాదా యను మాటకు వత్తము. భరించుచునే యున్నది, కొంతవరకు. త్రాగునీరు రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో నొకటి. 15వ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంటులో నూటికి అరువది పాళ్లు నీటికిని పారిశుద్ధ్యమునకును ముడిపెట్టబడి, అందులో సగము త్రాగునీరు, వాననీటి సంరక్షణ మొదలగువానికే కేటాయింపబడినది. జల జీవన్ మిషన్ ఆరంభమైననాడు దేశములో కుళాయి ఉన్న గ్రామీణ గృహములు మూడుకోట్ల ఇరువది మూడు లక్షలు మాత్రమే. 2025 నాటి కేంద్ర బడ్జెట్టు పదునైదు కోట్లని చెప్పి, పథకమును 2028 వరకు పొడిగించి, ఇకమీదట నిర్మాణముల నాణ్యతకు, నిర్వహణకు ప్రాధాన్యమీయవలెనని నొక్కి చెప్పినది. గొట్టము వేయుటకు ఢిల్లీనుండి ధనము రావచ్చును. గాస్కెట్టు పోయి వాల్వు దగ్గర నీరు కారుచున్నపుడు ఆనాడే మార్చుటకు కావలసిన రెండువందల రూపాయలు ఊరిలోనే ఉండవలెను.

ఈ విషయములో ఒడిశా మనకు పొరుగుననే ఒక పాఠము చెప్పుచున్నది. మనవారు బహుళముగా నివసించు బరంపురము చుట్టుప్రక్కల, గంజాం జిల్లాలో, గ్రామ్ వికాస్ అను సంస్థ 1979 నుండి పనిచేయుచున్నది. ఊరిలో ఒక్క కుటుంబము వెలియైనను వారు నీటి పథకము మొదలుపెట్టరు. కుటుంబమునకు సగటున వెయ్యి రూపాయల వంతున మూలనిధి సమకూర్తురు. కలిగినవారు ఎక్కువయు, లేనివారు తక్కువయు ఇచ్చి సగటు నిలుపుదురు. ఆ నిధి ఖర్చుకాదు. దాని వడ్డీతో, పిమ్మట ఊరిలో క్రొత్తగా ఏర్పడు కుటుంబములకు అవే సౌకర్యములు కల్పింతురు. రోజువారీ నిర్వహణకు వేరే నెలసరి చందాలు, కొన్ని చోట్ల ఊరి చెరువు చేపల ఆదాయము ఉపయోగపడును. ఎగువ వీధికిని దిగువ వీధికిని ఒకే ట్యాంకు నుండి, ఒకే వేళకు నీరు అందును. కులము పేరిట నీటిని వేరుచేసిన దేశములో, వెలివాడకు కుళాయి పోనిదే పెద్దవీధికిని కుళాయి రాదను నియమము సామాన్యమైనది కాదు. నాకు ఆ మూలనిధి కంటె ఆ నియమమే గొప్పదిగా తోచినది.

జల జీవన్ మిషన్ నియమములలోను ఇటువంటి ఆలోచన కలదు. ఊరిలోపలి పనుల ఖర్చులో కొండప్రాంతములు, అడవిప్రాంతములు, దళిత గిరిజన జనాభా సగమునకు మించిన గ్రామములు నూటికి అయిదు పాళ్లు, తక్కిన గ్రామములు పది పాళ్లు, ధనముగనో శ్రమగనో ఇచ్చుకొనవలెను. గ్రామ నీటి, పారిశుద్ధ్య సంఘములో సగముమంది స్త్రీలు ఉండవలెను. ఈ రెండవ నియమము చాల చోట్ల కాగితముమీద సంతకములుగానే మిగిలినది. నీటి వేళలు తెలిసినవారు, బిందె బరువు తెలిసినవారు సభలో వెనుక వరుసలో కూర్చున్నంతకాలము రుసుము సంగతి చక్కబడునని నేను నమ్మను.

రుసుము పెంచదలచిన పంచాయతీ ఏమి చేయవలెను? పదేండ్లు మార్చక, పదునొకండవ ఏట ఒక్కసారిగా రెట్టింపు చేయుట అన్నిటికంటె చెడ్డ పద్ధతి. ఏటేట అయిదు రూపాయలు పెంచినచో ఎవరికిని నొప్పి తెలియదు. మిరపకోతలకు గుంటూరు వైపు కుటుంబములతో వలసపోవు ఊరిలో నెలనెలా తలుపు తట్టుట వృథా. వారు కూలి డబ్బు తెచ్చుకొన్న దినములలో ఏడాదికి ఒక్కసారి తీసికొని, ఊరిలో లేని నెలలకు మినహాయింపవలెను. ఒంటరి వృద్ధులకు, వితంతువులకు ఎంత తగ్గింపవలెనో సభయే నిర్ణయింపవలెను. హోటలు నడుపువాడును, పశువుల పాక ఉన్నవాడును ఒక్క బిందెతో గడుపుకొను ఇంటితో సమానముగా కట్టుట న్యాయము కాదు. కుళాయికి మోటారు బిగించి ప్రక్క ఇండ్ల నీటిని పీల్చుకొనువానిని ఉపేక్షించి, నీరందని వీధిని బకాయి అడుగుటకు ఏ సర్పంచికిని నోరు రాకూడదు. మరియు క్లోరిన్ సంగతి: వెయ్యి లీటర్లకు నాలుగైదు గ్రాముల బ్లీచింగు పౌడరు కలిపి, అరగంట ఆగి నీరు వదలవలెను, ఆ నీరు చిట్టచివరి కుళాయికి చేరునప్పటికి లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇంకను మిగిలియుండవలెను. చిన్న గాజుగొట్టములో నీరు పోసి రెండు చుక్కల మందు వేసినచో రంగు మారి తెలియజేయు ఈ పరీక్షను, చదువు రాని స్త్రీ యైనను చేయగలదు.

ఆనాటి సభ రెండు గంటలు నడిచినది. చివరకు అరువది కాదు, నలువదియైదు అని నిశ్చయించిరి. కాలనీ గొట్టము సరిచేసి అచ్చట నీరు చక్కగా వచ్చిన నెలనుండి మాత్రమే అందరికిని ఈ పెంపు వర్తించునని ఆ ముదుసలి పట్టుబట్టగా, ఆ షరతును కూడ తీర్మానములో వ్రాసిరి. నలువదియైదు చాలదని నా లెక్క చెప్పుచున్నది. అయినను సభలో అందరి యెదుట ఒప్పుకొన్న నలువదియైదు, నోటీసుబోర్డుకు అంటించిన అరువది కంటె వసూలగునని నా నమ్మకము.

పాఠకులారా, మీ యూరిలోను గ్రామసభ జరుగును. ఆ దినమున పోయి కూర్చుండుడు. కరెంటు బిల్లు ఎంత, మోటారు కొరకు దాచినది ఎంత, చివరి కుళాయి నీటిని పరీక్షించినది ఎన్నడు అని అడిగి, రిజిస్టరు తెప్పించి చూడుడు. చూచిన పిమ్మట, మీ వంతు రుసుమును బకాయి లేకుండ కట్టుడు.