క్రీడాకారిణుల హృదయము

సికిందరాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజమార్గమున హకీంపేట క్రీడాపాఠశాలను, శామీరుపేటను దాటినచో తుర్కపల్లి వచ్చును. అచట బాలబాలికలు పరుగులు తీయుచుందురు. ఇచట జీనోము వ్యాలీలో టీకాలను, ఔషధములను శోధించువారు పనిచేయుచుందురు. ఈ రెంటికిని నడుమ దూరము స్వల్పమే. అయినను పరుగెత్తు బాలిక గుండెనుగూర్చి వైద్యశాస్త్రము చాలకాలము ప్రత్యేకముగా విచారింపనేలేదు.

దీర్ఘకాలము పరుగు, ఈత సాధన చేసినవారి ఎడమజఠరిక విశాలమై స్పందన కొకసారి అధికరక్తమును చిమ్మును. కనుకనే విశ్రాంతివేళ నాడి నెమ్మదించును. ఇంతవరకు స్త్రీపురుషులకు భేదము లేదు. అమెరికాలోని డల్లాసున ఏడుగురు పురుషులచేతను, ఐదుగురు స్త్రీలచేతను ఏడాదిపాటు సాధన చేయించి 2015లో ఫలితములు ప్రకటించిరి. తొలి మూడు మాసములలో ఇరుతెగల గుండెలును పెరిగినవి. పిమ్మట పురుషులవి పెరుగుచునే యుండగా స్త్రీలవి నిలిచిపోయినవి. పండ్రెండుగురిని జూచి తీర్పు చెప్పరాదు. స్త్రీ అబల యని అప్పుడే కేకలు వేయువారు 2004లో ప్రకటితమైన చుంచెలుకల కథ వినవలెను: చక్రముపై ఇచ్చవచ్చినట్లు పరుగెత్తనిచ్చినప్పుడు ఆడవే అధికముగా పరుగెత్తినవి, వాని గుండెలే మిన్నగా పెరిగినవి!

ఇంతకంటె ముఖ్యమైనది గుండెగోడ మందము. ఇటలీ వైద్యులు 1991లో ప్రకటించిన పరిశీలనలో 13 మిల్లీమీటర్లును, అంతకు మించియు ఉన్న కొలదిమంది క్రీడాకారులందఱును పురుషులే. 1996 నాటి పరిశీలనలో 600 మంది క్రీడాకారిణులలో ఒక్కరికైనను 12 దాటలేదు. కావున 13 అను అంకె పురుషునియందు సాధనాఫలము కావచ్చును. స్త్రీయందు కండరవ్యాధి సూచన కావచ్చును. పురుషుల పట్టికతో ఆమెను కొలిచిన వైద్యుడు నిశ్చింతగా మైదానమునకే పంపివేయును. ఆ పొరపాటునకు మూల్యము చెల్లించునది ఆ బాలికయే.

జంతుశోధనలలో మగవానినే వాడు అలవాటు ఈ అజ్ఞానమునకు ఒక కారణము. తమ ధనసహాయము కోరు శోధకులు రెండు తెగలను పరిగణింపవలెనని అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు 2016నుండి నియమించినవి. భారత వైద్య పరిశోధనా మండలివారి జాతీయ జంతువనరుల కేంద్రము జీనోము వ్యాలీలోనే యున్నది. అట్టి నియమమును ఇచటనే కట్టుదిట్టముగా పాటింపవలెనని మేము కోరుచున్నాము.

2000లో కరణం మల్లీశ్వరి, 2016లో సింధు, 2024 పారాలింపిక్సులో జీవాంజి దీప్తి పతకములు తెచ్చినప్పుడు మనము పూలదండలకు కొదువ చేయలేదు. హకీంపేట బాలికలకు ఏటేట ఎకోపరీక్ష జరిపి, ఆ కొలతలతో తెలుగు క్రీడాకారిణులకు తమదైన పట్టికను కూర్చుటకు అగు వ్యయము ఆ దండల ఖర్చుకంటె ఎంతో హెచ్చు కాబోదు. ఈ పని ఈ సంవత్సరమే మొదలు పెట్టవచ్చును.