ఫేక్ వీడియోలకు చెక్.. టీచర్లు చేతులు కలిపితేనే!

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్ వీడియోలు జనాన్ని వణికించాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా పంపి, నమ్మొద్దని చెప్పించారు.

ఆ జాగ్రత్తనే బడిలో పాఠంగా చెబితే మీడియా లిటరసీ. కానీ మొయినాబాద్ మండలం కనకమామిడి లాంటి ఊళ్లో ఒక్క టీచరే రోజుకో కొత్త ఫేక్‌ను పట్టుకోవాలంటే కష్టం. అందుకే ఈ పాఠం చెప్పేవాళ్లకు ఉమ్మడి వేదికలున్నాయి. 2020లో మొదలైన ఫ్యాక్ట్‌శాల మన దేశంలో ట్రైనర్లను తయారుచేసింది. యునెస్కో మీడియా లిటరసీ అలయన్స్‌లో సంస్థలతో పాటు వ్యక్తులూ చేరొచ్చు. ఒకరు తయారుచేసిన పాఠం ఇంకొకరికి పనికొస్తుంది.

మొదలుపెట్టడానికి ఏటా అక్టోబర్ 24 నుంచి 31 వరకు జరిగే యునెస్కో మీడియా లిటరసీ వారం మంచి టైమ్. ఒక్క పీరియడ్ చాలు.. వీడియో ఎవరు తీశారు? ఎక్కడిది? ఎప్పటిది? ఈ మూడు ప్రశ్నలు అలవాటైతే, ఇంట్లో పెద్దవాళ్ల ఫార్వర్డ్‌ను పిల్లలే ఆపుతారు.