గాలి ఎటు వీస్తోంది?

తొలకరి పడిందంటే వికారాబాద్‌లో, తాండూరులో ఎరువుల దుకాణాలు కిటకిటలాడతాయి. పత్తికి యూరియా కావాలి. కందికి డి.ఎ.పి. కావాలి. పురుగు పడితే మందు కావాలి. చాలా ఇళ్ళలో చేనుకు ఎరువు చల్లే పని ఆడవాళ్ళదే.

పంటకు మేలు చేసే ఈ ఎరువుల వెనక ఒక ప్రమాదం కూడా ఉంది. దాని గురించి తెలుసుకుందాం.

యూరియా దేనితో తయారవుతుంది? అమ్మోనియా అనే గ్యాసుతో. పశువుల కొట్టం రెండు రోజులు ఊడ్వకపోతే ముక్కుకు ఘాటుగా తగులుతుంది కదా! అది అమ్మోనియా వాసనే. ఎరువుల ఫ్యాక్టరీలలో ఇది టన్నుల కొద్దీ ఉంటుంది. బాగా చల్లబరిచి, నీళ్ళలా చేసి పెద్ద ట్యాంకుల్లో ఉంచుతారు. బయటికి వస్తే మళ్ళీ గ్యాసు అవుతుంది. కొద్దిగా తగిలితే కళ్ళు, గొంతు మండుతాయి. ఎక్కువైతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ప్రాణమే పోవచ్చు.

2023 డిసెంబరు 26 అర్ధరాత్రి వేళ చెన్నై దగ్గర ఎన్నూరులో ఇదే జరిగింది. ఓడల నుంచి ఎరువుల ఫ్యాక్టరీకి అమ్మోనియా తెచ్చే గొట్టం సముద్రంలో లీకైంది. నిద్రలో ఉన్నవాళ్ళకు కళ్ళు మండాయి. ఊపిరి ఆడలేదు. జనం పిల్లలను ఎత్తుకుని ఇళ్ళు వదిలి పోయారు. పదుల మంది ఆసుపత్రుల్లో చేరారు.

అంతకుముందు, 1984 డిసెంబరు 2 రాత్రి, భోపాల్‌లో ఇంకా ఘోరం జరిగింది. అది పురుగుమందుల ఫ్యాక్టరీ. ఒక ట్యాంకులోకి నీళ్ళు చేరాయి. లోపల ఉన్న విషం ఉడికి గ్యాసై బయటికి తన్నుకొచ్చింది. ట్యాంకును చల్లబరిచే యంత్రం ఆపేసి ఉంది. గ్యాసును కాల్చేసే గొట్టం విప్పి ఉంది. వేల మంది చనిపోయారు.

ముఖానికి తడిబట్ట కట్టుకోవాలని ఆ బస్తీల జనానికి ముందుగా ఎవరూ చెప్పలేదు. ఎటు పోవాలో కూడా చెప్పలేదు. చాలామంది గాలి పోయే వైపే పరుగెత్తారు. గ్యాసు వారి వెంటే వచ్చింది.

మరి గ్యాసు లీకైతే ఏం చేయాలి?

ముందు గాలి చూడాలి. కళ్ళంలో గింజలు తూర్పారబట్టే ఆడవాళ్ళకు గాలి సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. పొట్టు ఎటు పోతుందో గ్యాసూ అటే పోతుంది. అటు పోవద్దు. గ్యాసు వచ్చే వైపుకూ పోవద్దు. గాలికి అడ్డంగా నడవాలి. అంటే గాలి మీ ఎడమ చెంపకో, కుడి చెంపకో తగలాలి.

కొంగు తడిపి ముక్కుకు, నోటికి అడ్డం పెట్టుకోండి. అమ్మోనియా నీళ్ళలో కరుగుతుంది. అందుకే తడిబట్ట కొంత కాపాడుతుంది. కానీ ఎక్కువసేపు కాదు. ఆ వ్యవధిలోనే బయటపడాలి.

బయటికి పోయే దారి లేకపోతే తలుపులు, కిటికీలు మూయండి. సందుల్లో తడిబట్టలు కుక్కండి. ఫ్యాను, కూలరు, పొయ్యి ఆపండి.

కళ్ళలో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్ళతో కడగాలి. మందు గానీ, అమ్మోనియా గానీ బట్టల మీద పడితే బట్టలు వెంటనే తీసేయాలి. సిగ్గుపడుతూ కూర్చుంటే ఒళ్ళు కాలుతుంది. తోటి ఆడవాళ్ళు చుట్టూ నిలబడి మరుగు చేయాలి. బట్ట చర్మానికి అతుక్కుంటే లాగవద్దు, నీళ్ళు పోయండి.

లోపల ఎవరైనా పడిపోతే కాపాడాలని ఊరికే దూకవద్దు. అలా వెళ్ళినవాళ్ళూ పడిపోతారు. 101కు ఫోన్ చేసి ఫైర్ ఇంజన్‌ను పిలవండి. అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112.

ఎరువుల దుకాణంలో అమ్మోనియా ట్యాంకు ఉండదు. అయినా అక్కడా జాగ్రత్త కావాలి. మందు డబ్బా పగిలితే నీళ్ళు కొట్టి మోరీలోకి తోయవద్దు. పొడి మట్టి గానీ ఇసుక గానీ పోసి పీల్చనివ్వాలి. చేతులకు తొడుగులు వేసుకుని ఎత్తాలి. పిల్లలను రానివ్వద్దు.

గోదాముల్లో గింజకు పురుగు పట్టకుండా కొన్ని బిళ్ళలు పెడతారు. వాటి పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. తేమ తగిలితే వాటి నుంచి విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. శిక్షణ పొందినవారే వాటిని వాడాలి. కంది బస్తాల్లో వేసి అదే ఇంట్లో పడుకుంటే ఇంటిల్లిపాదికీ ముప్పే.

పురుగుమందు డబ్బా మీద గాలిపటం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. అందులో ఎరుపు ఉంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం. ఆకుపచ్చ ఉంటే విషం తక్కువ. అంతేగాని, అసలు లేదని కాదు. డబ్బాతో వచ్చే కాగితాన్ని పారేయవద్దు. కూడబలుక్కునైనా చదవండి. చదువు వచ్చింది ఇందుకే.

భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చారు. ప్రమాదకరమైన ఫ్యాక్టరీ తన దగ్గర ఏ ప్రమాదం ఉందో, వస్తే ఏం చేయాలో కూలీలకే కాదు, చుట్టుపక్కల జనానికీ చెప్పాలని అందులో రాశారు. అంటే అడగడం తప్పు కాదు. ఫ్యాక్టరీకి పనికి పోయేవాళ్ళు మొదటి రోజే అడగాలి. ఊరివాళ్ళు గ్రామసభలో అడగాలి. "ఏం కాదులే" అన్న మాటతో తృప్తిపడవద్దు.

మాట్లాడుకోండి:
1. మీ ఊరి చుట్టుపక్కల గ్యాసు గానీ, విషపు మందులు గానీ ఎక్కడెక్కడ ఉన్నాయి?
2. ఈరోజు మీ ఊళ్ళో గాలి ఎటు వీస్తోంది? అటునుంచి గ్యాసు వస్తే ఏ దారిన పోతారు?
3. నడవలేని ముసలివాళ్ళను, పసిపిల్లలను ఎవరు తీసుకుపోతారు?