పైక్ వీధిలో ఆడవాళ్ళ బారు

తెలుగునాట ఆడవాళ్ళు మందు దుకాణం విషయంలో పేపరుకెక్కారంటే అది మూయించడానికే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం, మరుసటేడు అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా ఆగలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది, 1997లో పోయింది. విశాఖ దగ్గర మా పద్మనాభం వైపు సారా కొట్టు ముందు నుంచి నడవాల్సొస్తే అమ్మ నా రెక్క పట్టుకుని రోడ్డు అవతలికి ఈడ్చేది. అలా పెరిగినదాన్ని, తల నెరిశాక సియాటిల్లో ఒక బారు చూడ్డానికి పనిగట్టుకుని వెళ్ళాను. అదీ ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళ కోసం ఆడవాళ్ళే పెట్టుకున్న బారు.

దాని పేరు వైల్డ్‌రోజ్. క్యాపిటల్ హిల్ అనే పేటలో, ఈస్ట్ పైక్ వీధిలో ఉంది. నన్ను తీసుకెళ్ళింది మా అక్క వరసామె కూతురు. విశాఖ ఉక్కునగరంలో పుట్టి పెరిగిన పిల్ల, రెడ్మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ రెడ్మండ్, బెల్‌వ్యూ ప్రాంతాల్లో మనవాళ్ళు ఎంతమందంటే, కూరగాయల దగ్గర తెలుగులో గొణుక్కోవడానికి కూడా జాగ్రత్తపడాలి. వాటికీ సియాటిల్‌కీ మధ్యలో వాషింగ్టన్ సరస్సు, దాని మీద తేలే వంతెన. ప్రపంచంలో తేలే వంతెనలన్నిటిలోకీ అదే పొడవైనదట. వంతెన దాటాక అమ్మాయి భుజాలు కాస్త కిందికి దిగడం గమనించాను. "ఇటువైపు మన అంకుళ్ళు తక్కువ పిన్నీ" అంది.

ముందు నా కళ్ళు పడింది కిటికీల మీద. మన బార్లకి నల్ల అద్దాలు, మెట్లెక్కితే చీకటి, 'ఫ్యామిలీ సెక్షన్' అని విడిగా ఓ మూల. ఇక్కడ వీధిలో నడిచేవాళ్ళకి లోపలివాళ్ళు, లోపలివాళ్ళకి వీధీ కనిపించేంత పెద్ద అద్దాలు. ఇది అలంకారం కోసం చేసిన పని కాదు. 1950లు, 60లలో అమెరికాలో ఇలాంటి బార్లు బయటికి ఏమీ కనబడకుండా మూసుకుని ఉండేవి. పోలీసులు దాడి చేసి పట్టుకెళితే మర్నాడు పేర్లు పేపర్లో పడేవి, ఆ పైన ఉద్యోగం ఊడేది, ఇంట్లోవాళ్ళు గెంటేసేవాళ్ళు. ఆ భయం తెలిసిన తరం కళ్ళముందే ఉండగా వీధి వైపు అద్దాలతో కూర్చోవడమంటే మాటలు కాదు.

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి నా వయసు రుజువు అడిగింది. ఇరవై ఒకటి నిండాయో లేదో చూడాలట! పాస్‌పోర్టు తీసి చూపిస్తే ఆ అమ్మాయి నవ్వకుండా పుట్టిన తేదీ చదివి, నవ్వుతూ తిరిగిచ్చింది. లోపల నా వయసువాళ్ళిద్దరు, పొట్టి జుట్టు, గళ్ళ చొక్కాలు, ఒకే పళ్ళెంలోంచి వేయించిన బంగాళాదుంప ముక్కలు తింటున్నారు. ఒకామె ఉప్పు తక్కువైందని చల్లబోతే రెండో ఆమె సీసా లాగేసుకుంది. బీపీ కాబోలు. నేను అల్లం సోడా తీసుకుని గంటన్నర కూర్చున్నా నా వైపు ఎవరూ తేరిపార చూడలేదు. విశాఖలో బారులో అడుగుపెట్టిన ఆడదానికి ఈ సుఖం ఉంటుందా?

బ్రైహర్ హెరాక్, మరికొందరు ఆడవాళ్ళు కలిసి 1984 చివర్లో దీన్ని తెరిచారు. తర్వాత షెల్లీ బ్రదర్స్, మార్తా మ్యానింగ్ అనే ఇద్దరాడవాళ్ళు చాలా ఏళ్ళు కలిసి నడిపారు. అమెరికా పడమటి తీరంలో ఇంతకాలం నిలబడినవాటిలో దీని పేరే ముందు చెబుతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంతకంటే పేరుమోసిన 'మాడ్స్'ని రికీ స్ట్రైకర్ 1966లో పెట్టింది, అది 1989లో మూతపడింది. బారు ఆమెదే, కానీ కౌంటరు వెనక నిలబడి మందు కలపడానికి మాత్రం మగవాణ్ణి జీతమిచ్చి పెట్టుకోవాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలో ఆడవాళ్ళు ఆ పని చేయకూడదన్న చట్టాన్ని 1971లో గానీ కోర్టు కొట్టేయలేదు. మనమేం తక్కువ తినలేదు. ఢిల్లీలో మద్యం అమ్మే చోట ఆడవాళ్ళు పనిచేయకూడదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టపు నిబంధన ఢిల్లీ హైకోర్టు కొట్టేసి, 2007లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసేదాకా బతికే ఉంది. ఆడవాళ్ళని కాపాడ్డానికేనని రెండుచోట్లా ఒకటే సాకు.

1980ల చివర్లో అమెరికాలో ఇలాంటి బార్లు రెండు వందల దాకా ఉండేవని అంచనా. 2020లో ఎరికా రోజ్, ఎలీనా స్ట్రీట్ అనే ఇద్దరు సినిమావాళ్ళు 'లెస్బియన్ బార్ ప్రాజెక్ట్' పేరుతో చందాలు పోగుచేయబోయేసరికి ఇరవై కూడా తేలలేదు. ఆ తర్వాత కొన్ని కొత్తవి వచ్చాయి. ఇన్ని ఎందుకు మూతపడ్డాయని అడిగితే అందరూ ఫోన్లలో యాప్‌లనే అంటారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళ జీతం తక్కువ, చేతిలో ఆడే డబ్బూ తక్కువే. వారానికి నాలుగు రాత్రులు బారులో ఖర్చుపెట్టే స్తోమత ఎంతమందికుంటుంది? సియాటిల్లో దానికి తోడు అమెజాన్ వచ్చాక ఆకాశాన్నంటిన అద్దెలు. ఆ అద్దెలు పెంచినవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు, నా పక్కన కూర్చున్న పిల్లతో సహా. ఆ మాటే అంటే, "అందుకే ప్రతి శుక్రవారం వచ్చి బాకీ తీర్చుకుంటున్నా" అంది.

మనదగ్గర ఇలాంటి బారు లేదు. హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ నడకలు జరుగుతున్నాయి, అక్కడక్కడా కూడికలూ ఉన్నాయి. కానీ ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్ల ఏ రాత్రయినా తలుపు తోయొచ్చనే చోటు ఒక్కటీ లేదు. దానికి బదులు మనకో నీడ ఉంది. మా ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు నేస్తరికం కట్టుకుంటారు. అప్పటినుంచి పేరు పెట్టి పిలుచుకోరు, పండక్కి చీరలు పెట్టుకుంటారు. నేస్తాలిద్దరూ ఒకే మంచం మీద తెల్లారేదాకా కబుర్లాడుకున్నా ఎవరూ అడగరు. వాళ్ళందరి మధ్యా ప్రేమే ఉందని నేననను. ఉన్నచోట మాత్రం ఆ నీడ ఎంత దూరం కాస్తుందంటే, పెళ్ళి సంబంధం వచ్చేంతవరకే.

ఆ నీడ పోయాక ఏమవుతుందో 2024లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకొచ్చిన కేసు చెబుతుంది. విజయవాడలో కలిసి ఉంటున్న యువతులిద్దరిలో ఒకరిని తండ్రి తీసుకెళ్ళి, మా ఉమ్మడి విశాఖ జిల్లాలోని ఇంట్లో నిర్బంధించాడంటూ రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. మేజరైన మనిషికి ఎవరితో ఉండాలో తేల్చుకునే హక్కుందని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోకూడదని డిసెంబరులో ధర్మాసనం చెప్పింది. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ 377వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చి అప్పటికి ఆరేళ్ళు దాటింది. 2023 అక్టోబరులో అదే కోర్టు ఇలాంటి పెళ్ళిళ్ళకు గుర్తింపు ఇవ్వలేమంది కాబట్టి, కలిసి ఉండొచ్చు గానీ కాగితం మీద ఒకరికొకరు ఏమీ కారు.

ఇదంతా అమ్మాయితో చెప్పాను. మరి నువ్వు విశాఖ తిరిగొస్తే ఎలా, నువ్వూ, నువ్వు ప్రేమించిన అమ్మాయీ ఉండటానికి ఇల్లెవరిస్తారు అని కూడా అడిగాను. పకపకా నవ్వింది.

"ఇల్లు దొరక్కపోవడమేంటి పిన్నీ! బ్యాచిలర్ కుర్రాళ్ళకైతే ఇవ్వరు గానీ ఇద్దరాడపిల్లలంటే ఎంవీపీ కాలనీలో కళ్ళకద్దుకుని ఇస్తారు. ఓనరాంటీ శుక్రవారం పులిహోర కూడా పంపిస్తుంది. ఆర్నెల్లు తిరిగేసరికి ఇద్దరికీ చెరో సంబంధం తెచ్చేదీ ఆవిడే."